అత్తమ్మ దగ్గు

ఆ కాలంలో ఇంటి తలుపులకు చెవులు ఉండేవి. దగ్గినవాళ్ళను పసిపిల్లల గదిలోకి అవి రానిచ్చేవి కావు. నవనీతకు అదే కొండంత ధైర్యం.

పాప పుట్టిన నెలలోనే అత్త సుకన్యకు గుండె కోసం బీపీ మాత్ర రాశారు. ఆ వారం నుంచే పొడిదగ్గు పట్టుకుంది. పాప గది తలుపు మూసుకుంది.

"నాకే రోగం లేదే బిడ్డా. పాపను జర బయటికన్న తే."

"వద్దత్తమ్మా. తలుపు ఊకెనే ఆపుతదా?"

"ఆ తలుపు ఏ కాలేజీల సదివిందే డాక్టరీ?"

నవనీత భయం నవనీతది. పాపను గడప దాటించలేదు. అట్లా తలుపు అవతలి దగ్గు వింటూనే పాప కూర్చోవడం కూడా నేర్చేసుకుంది. అప్పుడు గానీ తెలియలేదు, ఆ దగ్గు అంటుకునేది కాదనీ, మాత్ర వల్లే వచ్చిందనీ. డాక్టరమ్మ మాత్ర మార్చింది. దగ్గు పోయింది, తలుపు తెరుచుకుంది.

నవనీత తల వంచుకుని పాపను అత్త ఒడిలో పెట్టింది. కొత్త ముఖం చూసి పాప గుక్కపట్టింది.

"నేనెవరో ఎట్ల ఎరుక దీనికి! నా దగ్గయితే ఎరుకేమో," అంటూ సుకన్య ఉత్తుత్తిగా దగ్గింది.

పాప ఏడుపు ఆపేసింది. నానమ్మ ఒడిలోంచే వెనక్కి తిరిగి, నవ్వుతూ తలుపు వైపు చేతులు చాచింది.