చెవిలో చెప్పిన మాట

"ఏడవాలంటే బయటికెళ్ళి ఏడవండమ్మా!"

డాక్టర్ సుగుణమణి గట్టిగా అనేసరికి ఇవాంజెలిన్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మంచం మీద ఆమె భర్త దేవకుమార్ కళ్ళు తెరిచే ఉన్నాయి. కానీ మైకంలో ఉన్నాడు. గాలిలో ఏదో పట్టి లాగుతూ అరుస్తున్నాడు.

"ఈ కెటమిన్ మైకంలో చెవికి ఏది సోకితే మనసుకు అదే కనబడుతుంది. మీ ఏడుపు విన్నాడు, భయపడ్డాడు. వచ్చేసారి పక్కన కూర్చోవడానికి వేరే మనిషిని చూడండి. చెయ్యి పట్టుకోవాలి, నెమ్మదిగా మాట్లాడాలి. ఏడవకూడదు."

అది 2007. ఆపరేషన్లప్పుడు మత్తుకు వాడే ఆ మందును తక్కువ మోతాదులో ఇస్తే, బెదిరిపోయిన మనసు తేరుకుంటుందేమోనని పై దేశాల్లో అప్పుడప్పుడే చూస్తున్నారు. నాంపల్లి స్టేషన్ వెనక ఆ చిన్న నర్సింగ్ హోంలో సుగుణమణి ఆ సంగతేదీ దాచలేదు. అన్నీ చెప్పి, సంతకాలు తీసుకునే మొదలుపెట్టింది. మొత్తం ఆరు సూదులు.

దేవకుమార్ రైలింజను డ్రైవరు. ఎనిమిది నెలల కిందట ఖైరతాబాద్ దాటాక, పట్టాల మీద నడుస్తున్న మనిషి ఒకడు అతని ఇంజను కింద పడి చనిపోయాడు.

డ్రైవరు తప్పు లేదని విచారణలో తేలింది. దేవకుమార్‌కు మాత్రం తేలలేదు.

"హారన్ కొడితే తప్పుకునేవాడు కదా! తప్పుకోలేదంటే, నేను కొట్టలేదనేగా!"

తిండి దగ్గరా అదే మాట, నిద్రలోనూ అదే మాట. పక్కనున్న అసిస్టెంటు ఒట్టేసి చెప్పినా నమ్మలేదు.

నెల తిరిగేసరికి రైల్వే డాక్టర్ల ముందు నిలబడాలి. వాళ్ళు పనికిరాడంటే ఇక ఇంజనెక్కడం ఉండదు.

ఇవాంజెలిన్ వరండాలో కూర్చుని కళ్ళు మూసుకుంది. "ప్రభువా, ఒక్క మనిషిని పంపు."

కళ్ళు తెరిస్తే ఎదురుగా ఒక ముసలామె. కాళ్ళకు చెప్పుల్లేవు. చంకలో గుడ్డసంచి.

"నేను కూసుంటా తల్లీ."

"నువ్వా? ఎవరమ్మా నువ్వు?"

"కొండమ్మ అంటరు. కొడుకు పని మీద స్టేషన్ల తిరుగుతున్న. డ్రైవర్ సారు గీడున్నడని గాడ అనుకుంటుంటే ఇన్న."

"ఏడవకూడదంట."

"నాకు ఏడుపు రాదు. ఉన్నదంతా ఏడ్చిన."

పంపమని అడిగిన మనిషి ఇలా ఉంటుందని ఇవాంజెలిన్ అనుకోలేదు. అయినా వేరే దారి లేదు.

రెండో సూదికి కొండమ్మ కూర్చుంది. దేవకుమార్ చెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకుంది. వంగి, అతని చెవిలో ఏదో చెబుతూనే ఉంది. తెర ఇవతల ఉన్న ఇవాంజెలిన్‌కు గుసగుస తప్ప మాటలు వినపడలేదు.

అతను అరవలేదు.

మైకం దిగే వేళకు కొండమ్మ లేచి వెళ్ళిపోయింది. ప్రతిసారీ అంతే. అతను ఆమె ముఖమే చూడలేదు.

నాలుగో సూది తర్వాత దేవకుమార్ టీ అడిగి తాగాడు. గ్లాసు కింద పెట్టి అన్నాడు.

"నేను హారన్ కొట్టాను, ఇవాంజెలిన్."

"ఎవరు చెప్పారండీ?"

"తెలియదు. కానీ కొట్టాను."

ఆరో సూది రోజున ఇవాంజెలిన్ తెర తీసి లోపలికి తొంగిచూసింది. కొండమ్మ గుప్పెట్లో ఉప్పు పట్టుకుని దేవకుమార్ తల చుట్టూ తిప్పుతోంది.

"ఏం చేస్తున్నావ్?"

"దిష్టి తీస్తున్న తల్లీ. బిడ్డ జర కోలుకుండు. నలుగురి కండ్లు వడ్తయ్ గదా."

"మేం ప్రార్థన చేసుకునేవాళ్ళం. మాకిలాంటివి పనికిరావు. ఇక చాలు, నువ్వు వెళ్ళమ్మా. ఇకమీదట రావద్దు."

కొండమ్మ ఉప్పును కొంగులో ముడేసుకుంది.

"తప్పయింది తల్లీ. లేవంగనే సారుకు నీళ్ళియ్యి. గొంతెండుకపోతది."

ఆ తర్వాత ఆమె కనబడలేదు. ఇవాంజెలిన్ వెతకనూ లేదు.

రైల్వే డాక్టర్లు దేవకుమార్‌ను నిలబెట్టి అడిగారు, కూర్చోబెట్టి అడిగారు. చివరికి ఇంజనెక్కమన్నారు. అతను ఎక్కాడు. ఖైరతాబాద్ దాటాక హారన్ కొట్టాడు.

ఆ ఆదివారం అబిడ్స్‌లోని వాళ్ళ చర్చిలో లేచి సాక్ష్యం చెప్పాడు.

"మందిచ్చింది డాక్టరమ్మ. కానీ ఆ మైకంలో నా చెవిలో ఒక స్వరం పలికింది. 'నువ్వు కూత పెట్టినవ్ బిడ్డా. బస్తీ అంత ఇన్నది. వానికే ఇనవడలే. వాడు పుట్టు చెవిటోడు' అంది. అది దేవుని స్వరం."

అందరూ ఆమెన్ అన్నారు. అందరికన్నా గట్టిగా ఇవాంజెలిన్ అంది.

బయటికొచ్చాక రైల్వే పోలీసు హెడ్ కానిస్టేబుల్ ఇజ్రాయేల్ నవ్వుతూ భుజం తట్టాడు.

"ఏందన్నా, దేవుడు అచ్చం మా బస్తీ బాసల మాట్లాడిండా?"

"నిజం తమ్ముడూ. అట్లాగే వినబడింది."

ఇజ్రాయేల్ నవ్వు ఆపాడు.

"నిజంగనే వాడు పుట్టు చెవిటోడన్నా. కానీ గా సంగతి విచారణ అయిపోయినంక తెలిసింది. మా కాయిదాల తప్ప ఏడ లేదు. నీకెట్ల తెలిసింది?"

మర్నాడు నాంపల్లి రైల్వే పోలీసు స్టేషన్‌లో ఇజ్రాయేల్ ఆ ఇద్దరి ముందు పాత ఫైలు విప్పాడు.

"పేరు బిచ్చయ్య. ఇరవయ్యారేండ్లు. ఇంటోళ్ళను అడుగుదామంటే ఇప్పుడు పట్టాల పక్కన గుడిసెల్లేవు. అన్నీ తీసేసిన్రు. ఎటువోయిన్రో ఏమో."

దేవకుమార్ కళ్ళద్దాలు తెచ్చుకోలేదు. ఇవాంజెలిన్ కాగితం అందుకుని పైకి చదవసాగింది.

చివరి వరుసను ఆమె రెండుసార్లు చదివింది.

శవాన్ని తీసుకున్నది: మృతుని తల్లి కొండమ్మ, వేలిముద్ర.