ఆదివారం కమిటీ

"చాలు! వచ్చే ఆదివారం నుంచి నా వ్యాను రాదు. నేనూ రాను."

ప్రెగ్గీ కుర్చీని వెనక్కి తన్ని లేచాడు. దక్షిణాఫ్రికాలోని స్టాంగర్ ఊరి చర్చి హాల్లో అరుపులు ఆగిపోయాయి.

బల్లకి అటొక పార్టీ, ఇటొక పార్టీ. ఎన్నికలు దగ్గరపడే కొద్దీ చెరుకుతోటల వెనక గుడిసెలు తగలబడుతున్నాయి. దాన్ని ఆపడానికి పెట్టిన శాంతి కమిటీ ఇది.

వాళ్ల దారిలో వీళ్లు అడుగు పెట్టలేరు, వీళ్ల దారిలో వాళ్లు పెట్టలేరు. ప్రెగ్గీ ముత్తాత చెరుకు కొట్టడానికొచ్చిన తెలుగువాడు. ఏ పక్షమూ కాదు కాబట్టి ఇద్దర్నీ తన కోంబీ వ్యానులో ఎక్కించుకొచ్చి, మళ్లీ దింపుతుంటాడు.

ఈ రోజూ అదే తంతు. చచ్చినవాళ్లు మావాళ్లెక్కువా, మీవాళ్లెక్కువా అని వాదులాట.

"నీకింత కోపమొస్తే ఎలా, ప్రెగ్గీ?" అన్నాడు ఒక పార్టీ పెద్ద సిబియా.

"మీకు సిగ్గెలాగూ లేదు. నాకు కోపమైనా ఉండొద్దా?"

విసవిసా బయటికి నడిచాడు.

నిన్ననే భార్య షర్లీ నిలదీసింది.

"మిల్లులో ఒళ్లు హూనం చేసుకొస్తావు. శుక్రవారం భజన, శనివారం ఫుట్‌బాల్, ఆదివారం కమిటీ. పిల్లలు నీ మొహం మర్చిపోతున్నారు. ఏదో ఒకటి వదులు!"

ఏది వదలాలో నిన్న తోచలేదు. భజనలో మనసు తేలికపడుతుంది. ఫుట్‌బాల్ జట్టు గెలుస్తోంది. ఈ కమిటీ వల్ల ఒరిగిందేమిటి? తలనొప్పి!

వ్యాను తలుపు దగ్గర ముసలావిడ నిలబడి ఉంది. ప్రతివారం వస్తుంది. చివర కూర్చుంటుంది. నోరు విప్పదు. పేరేమిటో తెలియదు. అందరూ గోగో అంటారు, అవ్వా అని.

"వచ్చే ఆదివారం వస్తావుగా, నాయనా?" అంది జులూ భాషలో.

"రాను, గోగో."

"నువ్వు రాకపోతే వాళ్లూ రారు."

"పీడా పోతుంది! నీకేం, టీ తాగి బిస్కెట్లు తిని పోతావు. నాకు ఉద్యోగముంది, పిల్లలున్నారు!"

"పిల్లలు అందరికీ ఉంటారు నాయనా," అంది నెమ్మదిగా. ఇంకేమీ అనకుండా వ్యానెక్కింది.

తరువాతి ఆదివారం ప్రెగ్గీ పొద్దెక్కేదాకా పడుకున్నాడు. పిల్లలతో బంతాడాడు. షర్లీ వేడివేడిగా వడ్డించింది. మంచి పని చేశాననుకున్నాడు.

సోమవారం మిల్లులో తోటి పనివాడు ఐవన్ ఎదురొచ్చాడు.

"నీ వ్యానులో వచ్చే గోగో లేదూ? నిన్న మీటింగుకి నడిచి బయల్దేరిందట. చెరుకుతోట మలుపులో కాల్చేశారు."

"ఎవరు?"

"ఎవరైతేనేం? ఇద్దరి దగ్గరా తుపాకులున్నాయి."

ప్రెగ్గీ స్పానరు పక్కన పడేసి, ఖననం ఎప్పుడో అడిగాడు.

ఖననానికి వెళ్లాడు. ఎవరూ పలకరించలేదు. అందరూ ఆవిడ పార్టీవాళ్లే.

అవతలి పార్టీవాడు ఒక్కడు తప్ప.

కోటు విప్పి పక్కన పెట్టి, సిబియా పారతో గోతిలోకి మట్టి ఎత్తిపోస్తున్నాడు.

ప్రెగ్గీకి రక్తం మరిగింది. తన మీద తనకున్న కోపమంతా అతని మీదికి మళ్లింది. వెళ్లి పార పట్టుకున్నాడు.

"మీవాళ్లే కాల్చి ఉంటారు! ఏ మొహం పెట్టుకుని వచ్చావిక్కడికి?"

సిబియా పార వదిలేశాడు.

"ఆ కమిటీ ఎవరు పెట్టారో నీకు తెలుసా?"

"ఎవరో పాదిరీ అన్నారు."

"కాదు. ఈవిడ. రెండు పార్టీల గడపలూ ఎక్కి దిగి, బతిమాలి, తిట్టి మమ్మల్ని ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టింది. మొదట మా గడపే ఎక్కింది."

"శత్రువుల ఇంటికా? అదీ మీ ఇంటికే ఎందుకు?"

సిబియా చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"తెలిస్తే తనవాళ్లు పగకి దిగుతారని ఎవరికీ చెప్పొద్దంది. ఈవిడ ఒక్కగానొక్క కొడుకుని చంపింది నా కొడుకే."