ఫిల్మే ఇవ్వండి

హెలెన్‌కి ఫిల్మే కావాలి.

"ఫిల్మ్ కడిగి ఆరబెట్టే రోజులు పోయాయమ్మా," అన్నాడు ఎక్స్‌రే తీసిన వినయ్ కుమార్. "ఇది డిజిటల్. కిడ్నీలో రాయి ఆవగింజంత ఉన్నా కనపడుద్ది. ఫోన్ నంబర్ చెప్పండి, పంపిస్తా."

నడుములో పోటు. ఆమె భయం మాత్రం పోటు గురించి కాదు. ఫిల్మ్ అయితే కవరుతో సహా బీరువా మీద పడేయొచ్చు. ఎవరూ ముట్టుకోరు. ఫోన్‌లో బొమ్మైతే భర్త శ్యామ్ రెండు వేళ్లతో సాగదీసి మరీ చూస్తాడు. అందులో రాయి ఒక్కటే ఉండదు. రెండోది అతని కంటబడిందంటే, రేపటికి ఆమె చేబ్రోలులో పుట్టింట్లో ఉంటుంది.

"నా ఫోన్‌కి పంపండి."

"నీదాంట్లో చార్జింగ్ ఎక్కడుంది?" శ్యామ్ తన నంబర్ చెప్పేశాడు. ఆమె చేతిలోని డీఎస్సీ పుస్తకం చూసి నవ్వాడు. "నొప్పిలోనూ ఇది వదలదు. ఓ బిడ్డ పుడితేగానీ ఈ పిచ్చి కుదరదు."

"దేవుడు వినాలిగా," అంది బెంచీ మీద కూర్చున్న అత్తగారు దానమ్మ. మనవడి కోసం ప్రతి ఆదివారం చర్చిలో అందరిచేతా ప్రార్థన చేయించే మనిషి. కొడుకు వద్దన్నా రేపల్లె నుంచి బాపట్ల దాకా వెంటపడి వచ్చింది.

ఫోన్ మోగింది.

శ్యామ్ బొమ్మ పెద్దది చేశాడు. "ఇదిగో రాయి." వేలు కిందికి జారింది. ఆగింది. "ఇదేంటే? ఇక్కడ, మధ్యలో, తెల్లగా మేకులాగా?"

హెలెన్ ఫోన్ అందుకోబోయింది.

వినయ్ కుమార్ తొంగిచూశాడు. "అదాండి, అది..."

దానమ్మ ఫోన్ లాక్కుంది. కళ్లజోడు సర్దుకుంది. చాలాసేపు చూసింది.

హెలెన్ కళ్లు మూసుకుంది.

"పిన్నీసు," అంది దానమ్మ. "లంగాకి పెట్టుకుంది. తీసి రమ్మని నువ్వైనా చెప్పొద్దటయ్యా?"

వినయ్ కుమార్ దానమ్మ కళ్లలోకి చూశాడు. ఒక్క క్షణం.

"నాదే పొరపాటండి, పెద్దమ్మా."

"మా అమ్మకి తెలియంది లేదు," అంటూ శ్యామ్ మందుల షాపు వైపు నడిచాడు.

దానమ్మ పక్కకి జరిగి కోడలికి చోటిచ్చింది.

"వీడు కడుపులో పడ్డాకే నా టీచర్ ట్రైనింగు మధ్యలో ఆగిపోయింది," అంది మెల్లగా.

హెలెన్ పుస్తకం ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చుంది.

"కంగారుపడకు, నీకు ఉద్యోగం వచ్చేదాకా అది పిన్నీసే," అంది, పెళ్లయిన కొత్తలో కోడల్ని తెనాలి తీసుకెళ్లి దగ్గరుండి కాపర్-టీ వేయించిన దానమ్మ.