ఎన్నాళ్ల నుంచి?

"ఎన్నాళ్ల నుంచి ఉంది ఈ గడ్డ?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఒక నెల అయ్యుంటుందండీ," అన్నాడు బస్సు డ్రైవరు, చొక్కా కాలరు పైకి లాక్కుంటూ.

"నెల కూడా లేదేమో. మొన్న చొక్కా ఉతుకుతుంటే కాలరు ఒకవైపే ఎందుకిలా అరిగిందా అనిపించింది. మెడ వెనక చెయ్యి పెట్టి చూస్తే, ఇదిగో, నిమ్మకాయంత!" అంది ఆయన భార్య.

ఆమె తమ్ముడు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. గదిలో కుర్చీలు రెండే. వాళ్ల వీధి చివర సెలూన్ అతనిదే. పదిహేనేళ్లుగా బావకి జుట్టు కత్తిరించేది అతనే. అక్క తోడు రమ్మంటే షాపు మూసి వచ్చాడు.

డాక్టరమ్మ రిపోర్టు తిరగేసింది. "ముక్క తీసి పంపాం కదా, అది రెండు రకాల్లో ఏదైనా కావచ్చని రాశారు. ఒకటి, ఉన్నట్టుండి కొద్ది వారాల్లో పెరిగి, దానంతట అదే తగ్గిపోయేది. దానికి భయం లేదు. రెండోది ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది. చాలా అరుదు, కానీ మంచిది కాదు. మీకు వచ్చి నెలే అంటున్నారు కాబట్టి మొదటిదే అయ్యుంటుంది. రెండు నెలలు ఆగి చూద్దాం."

"విన్నావురా? ఏం కాదట!" అక్క వెనక్కి తిరిగి నవ్వింది. వారం రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదటిసారి.

తమ్ముడూ నవ్వబోయాడు. నోరు మూసుకుంటే చాలు, అందరూ ఇంటికెళ్లి హాయిగా కాఫీ తాగొచ్చు. డాక్టరమ్మ పెన్ను తీసింది.

"నెల కాదు మేడమ్," అన్నాడు. "ఐదేళ్లు."

పెన్ను ఆగిపోయింది.

"పెసరగింజంత ఉన్నప్పుడు మొదటిసారి దువ్వెనకి తగిలింది. కొవ్వు గడ్డేమో అనుకున్నా. మూడో ఏటికి గోళీ అంత అయింది. ఎర్రబడలేదు, నొప్పని బావ ఎప్పుడూ అనలేదు..."

"మరి చెప్పలేదేంరా?" అంది అక్క.

"చెబుదామనుకునేసరికి చాలా ఆలస్యమైందక్కా. ఇన్నాళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నావని అడుగుతావని భయం. వచ్చే నెల చెబుదాం, పై నెల చెబుదాం అనుకుంటూ..." అతను తల దించుకున్నాడు. "నీ కంట పడకుండా అక్కడ జుట్టు కాస్త ఒత్తుగా వదిలేసేవాణ్ణి."

అక్క తిట్టలేదు. ఒళ్లో సంచీని దగ్గరకు లాక్కుని, "బయటికి పో," అంది.

అతను తలుపు దాకా వెళ్లాడు.

"ఆగండి, ఇప్పుడు నాకు కావలసింది మీరే," అంది డాక్టరమ్మ. "ఏ ఏడు ఎంతుందో చెప్పండి."

చెప్పాడు. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరపెట్టి, ఒక్కో ఏడాదికీ కాస్త కాస్త ఎడం చేస్తూ చూపించాడు. ఆమె అంతా రాసుకుని ల్యాబుకి ఫోన్ చేసింది. "నెల కాదట, ఐదేళ్లట. ఆ ముక్కకి ఇంకో పరీక్ష చేయండి."

వారానికి తేలింది. రెండోదే. కండరాల మధ్య మెత్తటి భాగంలో పుట్టే క్యాన్సర్. ఇంకా ఎక్కడికీ పాకలేదు. కానీ చుట్టూ ఉన్న కండతో సహా కోసి తీసేయాలి. కుడి భుజం మునుపటిలా లేవకపోవచ్చు, బస్సు స్టీరింగు తిప్పడం కష్టమే అన్నారు. గోళీ అంత ఉన్నప్పుడే వచ్చి ఉంటే చిన్న కోతతో పోయేదట.

ఆ వారమంతా అక్క తమ్ముడి ముఖం చూడలేదు.

ఆపరేషన్ రోజు పొద్దున్నే మెడ మీద జుట్టు తీయడానికి నర్సు వచ్చింది. "మా బావమరిది చేస్తాడమ్మా, వాణ్ణి పిలవండి," అన్నాడు డ్రైవరు.

బావమరిది వచ్చాడు. మంచం అంచున కూర్చున్న బావ మెడ మీద మెల్లగా మిషన్ నడిపాడు. జుట్టు రాలేకొద్దీ గడ్డ బయటపడుతుంటే మిషన్ ఆపేశాడు.

"నన్ను క్షమించు బావా. నోరు విప్పి ఒక్క మాట అనుంటే..."

"నిజం చెప్పింది నువ్వేరా. డాక్టరమ్మ దగ్గర అబద్ధమాడింది నేను."

"నువ్వేం అబద్ధమాడావు?"

బావ వెనక్కి తిరగలేదు.

"కటింగ్ అయ్యాక నెలనెలా నా వెనక అద్దం పట్టి, 'బాగుందా బావా?' అనేవాడివి కదరా... ఐదేళ్లూ ఆ జుట్టు కింద దాన్ని చూస్తూనే, 'బాగుంది' అని లేచొచ్చేసేవాణ్ణి."