ఉడతను తిప్పే పని

లోరీన్‌కు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. మొగుడు డెల్మర్ ఉడత మీదకు పేల్చిన సీసపు గుండు ఏదో ఒకరోజు చెట్టు వెనక నిలబడ్డ తన బిడ్డ కంట్లో దిగుతుందని.

ఆ శనివారం పొద్దున అది కంట్లో దిగలేదు. హికరీ మాను బెరడును గీరుకుంటూ వెళ్లి అయిదేళ్ల టిల్లీ చెవి తమ్మెను చీల్చింది.

వంటింటి కిటికీలోంచి చూసిన లోరీన్ పిండి చేతులతోనే పెరట్లోకి పరిగెత్తింది. పిల్ల ఏడవడం లేదు. రక్తం మెడ మీదుగా కారి గౌనులోకి ఇంకుతుంటే, కదిలితే నాన్న తిడతాడని చెట్టు వెనక అలాగే నిలబడి ఉంది. డెల్మర్ అటు చూడనే లేదు. అంతకుముందు కొట్టిన ఉడత ఒకటి నడుం విరిగి, ముందు కాళ్లతో ఒళ్లంతా ఈడ్చుకుంటూ ఆకుల్లోకి పోతోంది. అతను దాన్ని వెనక కాళ్లు పట్టి ఎత్తి, తలను మానుకేసి కొట్టాడు. రెండో దెబ్బకు చప్పుడు మెత్తబడింది.

వరండాలో అతని తల్లి ఓపల్ కత్తీ గిన్నే ముందేసుకుని కూర్చుంది. కొడుకు విసిరిన ఉడతను అందుకుని, తోక కింద గాటు పెట్టి, తోకను బూటు కింద తొక్కిపట్టి ఒక్క లాగు లాగింది. తొక్క చొక్కాలా ఊడి వచ్చింది. గ్రేవీకి మూడు చాలవు, ఇంకో రెండు కొట్టమంది.

ఉడత ఎప్పుడూ మనిషికీ తనకీ మధ్య మాను అడ్డం పెట్టుకుంటుంది. అందుకే కెంటకీ కొండల్లో ఎయిర్ గన్ పట్టినవాడు ఒకవైపు ఊపిరి బిగబట్టి నిలబడితే, ఇంకొకరు అవతలి వైపు ఆకులు తన్నుకుంటూ తిరుగుతారు. ఆ అలికిడికి ఉడత ఇవతలికి జారి వస్తుంది. డెల్మర్ వాళ్లింట్లో ఉడతను తిప్పే పని తాతల కాలం నుంచీ పిల్లలదే.

ఇకమీదట పిల్ల తిప్పదని లోరీన్ చెప్పింది. దాని చెవి చూడమంది.

"చెవే కదా, ఇంకోటుందిలే" అన్నాడు డెల్మర్.

"మా వాడి భుజంలో వాళ్ల నాన్న కొట్టిన గుండు ఇప్పటికీ ఉంది. ఏం, చచ్చాడా?" అంది ఓపల్, చేతులు తుడుచుకుంటూ.

డెల్మర్ పిల్లను మళ్లీ చెట్టు వెనక్కి పొమ్మన్నాడు. టిల్లీ బుద్ధిగా రెండడుగులు వేసింది కూడా. లోరీన్ దాన్ని లాగి తన వెనక పెట్టుకుంది. అతను వెనుచేత్తో ఒక్కటిచ్చాడు. ఆమె పెదవి పగిలి, నాలుకకు ఉప్పగా తగిలింది. కింద పడింది గానీ పిల్ల చెయ్యి వదల్లేదు. అతను ఆమె వేళ్లను బూటుతో తొక్కాడు. అప్పుడూ వదల్లేదు.

కింద నుంచే అడిగింది, తుపాకీ ఇమ్మని. తాను కొడుతుందట. డెల్మర్ తిప్పాలట. ఉడత పడితే అతను ఇక పిల్ల జోలికి రాకూడదట.

వరండాలో ఓపల్‌కు నవ్వాగలేదు. కోడి మెడ విరవమంటే కళ్లు మూసుకునే మనిషి అంది. డెల్మర్‌కూ సరదా పుట్టింది.

"సరే. తప్పిందనుకో, మంచు పడేదాకా ప్రతి శనివారం పిల్లే తిప్పుతుంది. నువ్వు నోరెత్తావంటే ఊరుకోను."

ఆమె సరేనంది. నలిగిన వేళ్లతో ఆమె తుపాకీకి గాలి పంపు కొట్టలేకపోతుంటే అతనే తీసుకుని కొట్టి ఇచ్చాడు. ఉడతను చంపే జోరుకు ఆరు సార్లు చాలు. గొప్పకోసం పది కొట్టాడు. టిల్లీని నాయనమ్మ దగ్గరికి పంపి, లోరీన్ చెట్టుకు ఇవతల నిలబడి తుపాకీ భుజానికి ఆనించింది.

డెల్మర్ ఆకులు తన్నుకుంటూ అవతలి వైపు తిరిగాడు. బూడిద రంగు ఉడత ఒకటి మాను మీద బల్లిలా పాకుతూ ఇవతలికి వచ్చి, ఆమె తలకు జానెడు పైన ఉన్న కొమ్మ మీద కాయ పట్టుకుని కూర్చుంది. ఆమె కదల్లేదు.

"ఏమే, నిద్రపోయావా?"

మాను పక్క నుంచి ముందు టోపీ, తర్వాత సగం మొహం బయటికి వచ్చాయి.

"అంత దగ్గరగా ఉంటే గుడ్డిది కూడా కొడుతుంది కదే" అన్నాడు నవ్వుతూ.

లోరీన్ మీట నొక్కింది. సీసా మూత తీసినంత చప్పుడైంది, అంతే. ఆకులు గలగలమన్నాయి.

"పడిందా?" అని అడిగింది ఓపల్, కత్తి అందుకుంటూ.

"పడింది అత్తా."

తుపాకీని గోడకు ఆనించి, టిల్లీని ఎత్తుకుని లోపలికి పోయి తలుపు గడియ పెట్టింది. గోరువెచ్చని నీళ్లతో చెవి కడిగి, దిండు గుడ్డ చింపి కట్టు కట్టింది. పిల్లకు అప్పుడు వచ్చింది ఏడుపు. పొయ్యి మీద రొట్టె మాడిన వాసన వేస్తున్నా లోరీన్ ఒళ్లోంచి దించలేదు.

బయట ఆ ఉడత ఇంకా అదే కొమ్మ మీద కూర్చుని కాయ కొరుకుతోంది. లోరీన్‌కు ఇప్పట్లో లేచే వీలు లేదు, మీలో ఎవరైనా అటువైపు వెళ్తే చెట్టు వెనక్కి ఒకసారి తొంగి చూసి, డెల్మర్ ఎలా ఉన్నాడో కాస్త కనుక్కోండి.