ఉకే అంటే ఎవరు?

“మీ గురువుగారెవరో ఇప్పుడే సెప్పాలి!”

చోడవరం జూడో క్లాసులోకి దూసుకొచ్చి మాస్టారు ప్రేమ్‌కుమార్‌ని నిలదీసింది నూకరత్నం. వెనకాల మిగతా పిల్లల తల్లులు.

“ఫోనులో సూసి నేర్చుకున్నారట కదా! మా గుంట మెడ విరిగితే ఎవరండీ జవాబు?”

అది నిజమే మరి. ఒప్పుకుంటే రేపట్నుంచి పిల్లలెవరూ రారు. క్లాసు మూతే.

“వైజాగు ఖాదర్ మాస్టారండి,” అన్నాడు ప్రేమ్‌కుమార్. ఎప్పుడో ఎవరి నోటో విన్న పేరు.

“అయితే ఫోన్ సేసి మాట్లాడించండి.”

“ఆయన... పోయేరమ్మా.”

హవ్వ! ముఖమైనా చూడని మనిషిని నిలబెట్టి చంపేశాడు.

మనవరాలిని చేర్పిద్దామని క్లాసు చూడ్డానికి వచ్చిన పెద్దాయన ఒకడు గోడవారనుంచి లేచాడు.

“అమ్మా, ఖాదర్ పట్టు నాకు తెలుసు. ఈ బాబుని నన్ను పడేయమనండి. ఆయన శిష్యుడో కాదో సెప్పేస్తాను.”

ప్రేమ్‌కుమార్ చాప మీదికి వచ్చాడు. ఎక్కణ్ణుంచి దాపురించాడీ ముసలాయన! భయం, కోపం కలగలిసి, ఆయన కాలరు పట్టి బలంకొద్దీ విసిరేశాడు.

పెద్దాయన పడుతూ చాప మీద చరిచిన అరచెయ్యి ఫెడీల్మని మోగింది. “అమ్మో!” అన్నారు తల్లులు.

పెద్దాయన నెమ్మదిగా లేచి చొక్కా దులుపుకున్నాడు.

“ఆయన పట్టే. పిల్లల్ని మానిపించకండమ్మా.”

నూకరత్నం చల్లబడింది. “ఏటనుకోకండి మాస్టారూ,” అంటూ కూతురు కీర్తిని చాప మీదికి తోసింది.

ప్రేమ్‌కుమార్‌కి మతిపోయింది. ఎన్నడూ చూడని మనిషి పట్టు తనకెలా వస్తుంది? వీధిలోకి పరుగెత్తాడు. పెద్దాయన అప్పటికే అనకాపల్లి ఆటో ఎక్కేశాడు.

“అబద్ధం ఎందుకు సెప్పేరండీ?” అనడిగాడు ప్రేమ్‌కుమార్.

“జూడోలో ఉకే అంటే ఎవరు బాబూ?”

“పడేవాడండి.”

“అందరూ అలాగే అంటారు. ఆ జపాన్ మాటకి అర్థం ‘అందుకునేవాడు’ అని. నీ పిల్లలు దెబ్బ తగలకుండా పడతన్నారు, సూసేను. పడ్డం అంత బాగా నేర్పినోడి క్లాసు మూయించబుద్ధి కాలేదు. నీ అబద్ధం కూడా అందుకున్నాను.”

ప్రేమ్‌కుమార్ సిగ్గుతో చచ్చిపోయాడు.

“ఖాదర్ మాస్టారు బతికున్నారాండీ? నన్ను తీసుకెళ్లండి. కాళ్లు పట్టుకుంటాను.”

ఆటో కదిలింది.

“ఇందాక నువ్వు పడేసింది ఆయన్నే బాబూ,” అన్నాడు పెద్దాయన.