మగ్గాలు మోగని మధ్యాహ్నం

"ఇంక నా వల్ల కాదు. మానేస్తా ఉండాను!" అంటూ నాగవేణి నోటుబుక్కును గూట్లోకి విసిరేసింది.

ముందుగదిలో రెండు మరమగ్గాలు దడదడమంటున్నాయి. నగరిలో ఆ వీధి నిండా అవే. అక్కడ మాట్లాడుకోవడమంటే అరుచుకోవడమే. మునికుమార్ తన మగ్గం ఆపి పెళ్లాం దగ్గరికి వచ్చాడు.

"ఎన్నాళ్లయిందిప్పటికి?"

"నలభై ఏడు దినాలు. పడుకునే ముందర, ఇది కలని నాకు తెలియాల అని నూరుసార్లు అనుకుంటా ఉండా. లేస్తానే వచ్చిన కల రాసిపెడతా ఉండా. నాయన నాలుగుసార్లు కల్లో వచ్చినాడు. నాలుగుసార్లూ చింతకాయ తొక్కు గురించి మాట్లాడి పోయినాడు. అది కలని నాకు తెలిస్తే గదా నా మాట చెప్పేది!"

కలలో ఉండగానే ఇది కల అని తెలుసుకోవచ్చని, అప్పుడు మనకు కావలసింది చేసుకోవచ్చని ఆమె ఫోన్‌లో ఒక వీడియో చూసింది. ఆమెకు కావలసింది ఒక్కటే. రెండేళ్ల కిందట తమ్ముడి పెళ్లిలో, పదిమంది ముందర, "నీ సావుకు గూడా రాను పో" అని తండ్రి గోవిందస్వామిని అనేసింది. ఆయన పుత్తూరులోనే ఉన్నాడు. బస్సెక్కితే అరగంట. కానీ ఎదురుగా నిలబడి తప్పయిందని చెప్పే ధైర్యం ఆమెకు లేదు. కలలోనైనా చెప్పేస్తే గుండె బరువు దిగుతుందని ఆశ. ఆ ఆశతోనే మధ్యాహ్నపు కునుకు కూడా పరీక్షకు కూర్చున్నంత శ్రద్ధగా తీస్తోంది.

"అవును గానీ, కలా కాదా అని ఎట్ల సూసుకుంటా ఉండావు?" అడిగాడు మునికుమార్.

"వేళ్లు లెక్కబెట్టుకోమన్నారు. కల్లో ఆరో ఏడో కనపడతాయంట. నిద్దట్లో లెక్కబెట్టాలని గుర్తుంటే గదా!"

"రోజంతా మగ్గాల మధ్య ఉండేదానివి, నీకు వేళ్లెందుకు మే? మీ నాయన కల్లో వచ్చినప్పుడు మగ్గాల మోత ఇనిపించిందా?"

నాగవేణి ఆలోచించింది. "లేదు. అంతా గమ్మునుండింది."

"అదే గుర్తు. మోత లేకుంటే కల."

"కరెంటు పోయినా మోత ఉండదు గదా?"

"అప్పుడు ఫ్యాను గూడా నిలిచిపోతాది. ఫ్యాను తిరగతా ఉండి మగ్గాలు మోగకుంటే అది కలే. ఇంకో పది దినాలు సూడు. అప్పటికీ కాకుంటే ఆ నోటుబుక్కు నేనే పొయ్యిలో పెడతా."

ఇంత తెలివి మొగుడికి ఎప్పుడొచ్చిందా అని ఆమె ఆశ్చర్యపోయింది. అయినా నోటుబుక్కు మళ్లీ తీసింది. రోజూ అన్నం తిని పడుకునేటప్పుడు ఫ్యాను వంక చూసి, మోత విని, "ఇది కల కాదు" అని చెప్పుకుని కళ్లు మూసేది. లేచాక మళ్లీ అదే తంతు. మధ్యలో ఒకరోజు మునికుమార్ నూలు కోసమని పుత్తూరు వెళ్లి, నూలు లేకుండానే తిరిగొచ్చాడు. ఆమె పట్టించుకోలేదు. ధ్యాసంతా ఫ్యాను మీదే. ఎనిమిదో రోజుకు విసుగొచ్చింది. తొమ్మిదో రోజు ఏడుపే వచ్చింది.

పదో రోజు మధ్యాహ్నం కళ్లు తెరిచేసరికి ఎక్కడా చప్పుడు లేదు.

చటుక్కున పైకి చూసింది. ఫ్యాను తిరుగుతోంది. చెవులు రిక్కించింది. తమ మగ్గాలే కాదు, వీధి మొత్తంలో ఒక్కటీ మోగడం లేదు. దూరంగా కాకి అరుపు వినబడింది. కరెంటు ఉండగా ఆ ఇంట్లో పగటిపూట కాకి అరుపు వినడం ఆమెకు అదే మొదటిసారి.

గుమ్మం పక్కన కుర్చీలో, ఒళ్లో తువ్వాలు పెట్టుకుని, గోవిందస్వామి కూర్చుని ఉన్నాడు.

వచ్చేసింది! ఎగిరి గంతేయాలనిపించింది. కానీ సంతోషం ఎక్కువైతే కల చెదిరిపోతుందని వీడియోలో చెప్పారు. నాగవేణి నిదానంగా లేచి, నిదానంగా నడిచి, ఆయన ఎదుట నేలమీద కూర్చుంది.

"నాయనా, నువ్వేం మాట్లాడొద్దు. తొక్కు గురించి అసలే వొద్దు. మళ్లా నాకు మెలకువొచ్చేస్తాది," అంది. "ఆ దినం నేనన్నది తప్పు. అందరి ముందర నీకు తలవంపులు తెచ్చినాను. ఆ మాట తలుసుకుంటే ఇప్పటికీ నాకు అన్నం దిగదు. మనసులో పెట్టుకోవద్దు నాయనా."

ముసలాయన ఒళ్లో తువ్వాలు పక్కన పెట్టాడు. "నేను మాత్రం తక్కువన్నానా తల్లీ? పెద్దోణ్ని. నేనే ముందొచ్చి ఉండాల."

"కల్లో అయినా ఆ మాటన్నావు. నాకంతే సాలు," అని నాగవేణి కళ్లు తుడుచుకుంది. కల అయినా సరే, కూతురి ఇంటికొచ్చిన తండ్రిని గొంతు తడపకుండా పంపకూడదు కదా. "ఉండు, కాఫీ పెడతా."

పాలు పొంగాయి. ఎలాగూ కలే కదా అని మసిగుడ్డ లేకుండానే గిన్నె పట్టుకుంది. చెయ్యి చుర్రుమంది. "అమ్మా!" అని అరిచి వదిలేసింది. గోవిందస్వామి పరుగున వచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని చెంబుతో నీళ్లు పోశాడు.

మండుతున్న వేళ్లను నాగవేణి ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది. ఐదే ఉన్నాయి.

తలెత్తి చూసింది. ఫ్యాను ఇంకా తిరుగుతూనే ఉంది. అప్పుడే గుమ్మం బయట మునికుమార్ గొంతు వినిపించింది.

"సాలప్పా, మాట్లాడుకున్నారు! ఇంక అందరూ మగ్గాలు వేసుకోండి!"